ఎనిమిదో బీటు

నా కాలు ఊరికే ఉండదు. కుర్చీలో కూర్చుంటే చాలు, కుడికాలు దానంతటది ఊగడం మొదలుపెడుతుంది. ఆఫీసులో టైపు మిషను ముందైనా, బస్టాపులోనైనా, ప్రార్థనలో కళ్లు మూసుకున్నప్పుడైనా అంతే. మా మమ్మీ దాన్ని తొడ మీద ఒక్కటి వేసి ఆపేది. డాడీ మాత్రం చేత్తో కొట్టేవాడు కాదు, మాటతోనే. "సలోమీ, నిలకడ లేదే నీకు." ఈ ముక్క నేను పుట్టినప్పటి నుంచి వింటున్నాను. ఇరవై మూడేళ్లు వచ్చాక కూడా, ఎక్కడున్నా అక్కడినుంచి లేచి ఇంకెక్కడికో పోవాలనిపించేది. ఎక్కడికని అడిగితే చెప్పలేను. మెట్టుగూడలో మా ఇంటి వెనకే రైలు పట్టాలు. ఏ బండి పోతున్నా అందులో నేను లేనందుకు కోపం వచ్చేది.

డాడీ పేరు అబ్రహాం. బళ్లో లెక్కల మాస్టరు. చర్చిలో ముప్ఫై ఏళ్లుగా క్వయర్ మాస్టరు. నిజానికి ఆయన బతుకంతా ఆ రెండో పనిలోనే ఉంది. సోప్రానో, ఆల్టో, టెనార్, బేస్ నాలుగు గొంతులకూ డో రే మీల సోల్ఫా అక్షరాల్లో పాట రాసి, కార్బన్ పెట్టి కాపీలు తీసి, తాళం చూపే పుల్ల పట్టుకుని నిలబడితే పాస్టరుగారు కూడా దగ్గడానికి భయపడేవారు. మా ఇంట్లో ప్రభువు పాటలు తప్ప వేరే పాట వినబడకూడదు. రేడియోలో వార్తలకు ముందొచ్చే సంగీతాన్ని కూడా అనుమానంగానే చూసేవాడు.

అందుకని నేను మల్కాజ్‌గిరి పోయేదాన్ని. రోసమ్మ ఆంటీ దగ్గర కుట్టు నేర్చుకోవడానికని పేరు. రెండేళ్లలో నేను కుట్టింది ఒక దిండు గలీబు, అదీ వంకర. ఆంటీ కొడుకు ఆర్థర్ టెలిఫోన్స్‌లో పనిచేసేవాడు. ముందుగదిలో అతని రికార్డు ప్లేయరు, గోడ వారగా ఎల్పీలు. మామూలుగా కుర్రాళ్లు గొప్పగా చెప్పుకునే బ్యాండ్లు అతని దగ్గర ఒక్కటీ లేవు. ఆదివారాలు సికింద్రాబాద్ ఫుట్‌పాత్ మీద పాత సామాన్లలో మిగిలిపోయినవి, ఎవరూ తిరిగి చూడనివి ఏరి తెచ్చేవాడు. ఒకటే ఆల్బం చేసి విడిపోయినవాళ్లు, ఒక ఊరు దాటి పేరు రానివాళ్లు. 

"పేరున్నోళ్లను లోకమంత వింటది సలోమీ," అనేవాడు. "వీళ్లకు మనం గాకుంటే ఎవరున్నరు?"

వాటిలో ఒకటి యాష్‌ఫర్డ్ ఫెర్రీ అనే బ్యాండుది. అట్ట మీద బూడిదరంగు సముద్రం, చిన్న పడవ, అందులో లాంతరు. 1974లో వచ్చింది. వాళ్ల ఊళ్లో కూడా ఎవరూ కొన్నట్టు లేదు. మొదటి పక్కంతా ఒకే పాట. మొదటి నాలుగు నిమిషాలు డ్రమ్ములు ఉండవు. ఆర్గాన్ మీద నలుగురు మగవాళ్లు మెల్లగా పాడతారు, గుడ్‌ఫ్రైడే నాడు మా చర్చిలో ఉన్నట్టే ఉంటుంది. తరువాత ఉన్నట్టుండి డ్రమ్ములు పడతాయి. అదే రాగాన్ని గిటారు అందుకుని పైకి లాక్కుపోతుంది. మొదటిసారి విన్నప్పుడు నా కాలు ఊగడం చూసి ఆర్థర్ వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. "ఏడు బీట్లు. నేను పట్టుకోనీకె వారం పట్టింది. నీ కాలుకు ముందే తెల్సు." నా కాలును ఎవరైనా మెచ్చుకోవడం అదే మొదలు. ఆ రోజు ఇంటికి నడిచిపోయినట్టు లేదు, ఎగిరిపోయినట్టుంది.

ఆర్థర్ నాకొక క్యాసెట్ చేసిచ్చాడు. ఇంట్లో ఎక్కడ దాచాలి? డోరా దొరసానమ్మ అని పాత మిషనరీ ఒకావిడ, డాడీకి సోల్ఫా నేర్పింది ఆమే. ఇంగ్లండు వెళ్లిపోయాక కూడా క్రిస్మస్‌కు అక్కడి చర్చి క్వయర్ పాటలు క్యాసెట్లలో పంపేది. అవి అరలో వరసగా ఉండేవి. ఒక డబ్బాలోంచి దొరసానమ్మ క్యాసెట్ తీసి నా బీరువాలో పెట్టి, నాది ఆ డబ్బాలో పెట్టాను. దేవుడి పాటల మధ్యలో ఎవరు వెతుకుతారు అనుకున్నాను. మా ఇంట్లో అందరూ వెతికే చోటు అదొక్కటేనని తట్టలేదు.

ఆ ఏడు ఎండాకాలంలో ఉజ్జీవ కూటాలని పెద్ద ప్రార్థన సభలు పెట్టారు. చుట్టుపక్కల చర్చిలన్నీ కలుస్తాయి, మా క్వయర్ కొత్త పాట పాడాలి. కమిటీ సెక్రటరీ జకర్యాగారు అప్పటికే క్వయర్‌ను తన బావమరిదికి ఇప్పించాలని చూస్తున్నాడు. మాస్టరు ముసలాడైపోయాడు, పాడిందే పాడిస్తున్నాడు అని చర్చి మెట్ల మీదే అంటున్నాడు. ఈసారి పాట తేలిపోతే డాడీ చేతిలోంచి ఆ పుల్ల పోతుంది. అది మా ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరమూ నోటితో అనలేదు.

ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి గుమ్మంలోకే ఆర్గాన్ వినిపించింది. నా ఆర్గాన్. డాడీ టేప్ రికార్డరు ముందు వంగి కూర్చుని సోల్ఫా రాస్తున్నాడు. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని కళ్లు తుడుచుకున్నాడు.

"దొరసానమ్మ పంపినది చూడే. ఇసుంటి పాట ఇన్నొద్దులు నేను ఎట్ల ఇనలే?"

ఆ మొహంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు. కానీ డ్రమ్ములు ఎప్పుడు పడతాయో నాకు తెలుసు. నలుగురి గొంతులూ చివరి మెట్టు ఎక్కుతున్నాయి. వసారాలోకి పరిగెత్తి ఫ్యూజు పీకేశాను.

"కరెంటు పోయింది డాడీ."

ఆయన తిట్టుకుంటూ విసనకర్ర వెతుక్కున్నాడు. ఆయన నిద్రపోయేదాకా నేను ఫ్యూజు తిరిగి పెట్టలేదు. మర్నాడు ఆయన బడికి పోగానే మమ్మీ కత్తెర తీసి, ఆ నాలుగు నిమిషాల తరువాత టేపు కత్తిరించేశాను. మిగిలిన పాట చేతికి చుట్టుకుంది, రెండో పక్కతో సహా. దాన్ని ఉండచుట్టి స్టేషన్ రోడ్డులో చెత్తకుండీలో వేసి ఆఫీసుకు పోయాను. ఆ రోజు టైపు చేసిన ప్రతి కాగితంలోనూ తప్పులే. టేపు తెగిపోయిందని డాడీ రెండు రోజులు బాధపడ్డాడు, కానీ తనకు కావలసింది రాసుకున్నాడు.

ప్రాక్టీసు మొదలైంది. తెలుగు మాటలు డాడీయే కట్టాడు. బాగానే కట్టాడు. ఒక్కటే గొడవ. పాట ఏడు బీట్లు. లెక్కల మాస్టరుకు ఏడు ఎక్కడ నచ్చుతుంది? ప్రతి చరణం చివరా సోల్ఫాలో ఒక గీత పెట్టి ఎనిమిది చేశాడు. "వాళ్లు జెర ఆత్రంగ పాడిన్రు. మనం ఒక బీటు ఆగుదాం, గంభీరంగ ఉంటది." కానీ అక్కడికి రాగానే క్వయర్ మొత్తం తోసుకుంటూ ముందుకు పోయేది. అందరికంటే ముందు నేను. ఎంత పళ్లు బిగబట్టినా ఆ ఖాళీ చోట నా నోరు నిలబడదు. డాడీ ఒకరోజు పుల్ల బల్ల మీద పెట్టేశాడు.

"దేవుని సన్నిధిల సుత నిలకడ లేదా నీకు? నీ ఒక్కదాని తొందరకు అందరు ఖరాబైతున్నరు."

నలభై మంది ముందు. తప్పు ఆయనదని నాకు తెలుసు, నోరు తెరిస్తే కొంప మునుగుతుందనీ తెలుసు. కోపంతో ఏడుపొచ్చింది. ఏడుస్తూనే పాడాను.

కూటాల ఆఖరి రోజు శనివారం. మధ్యాహ్నం యువతకు ప్రత్యేక కూడిక. మద్రాసు నుంచి వచ్చిన ప్రసంగీకుడు రాక్ సంగీతం సాతానుదని, ఇళ్లలో ఉన్న రికార్డులూ క్యాసెట్లూ తెచ్చి కాల్చమని ముందురోజే చెప్పాడు. బడి మైదానంలో ఒక మూల కట్టెలు పేర్చి వెలిగించారు. మేము వేదిక పక్కన తెల్లబట్టల్లో నిలబడ్డాం. పిల్లలు వరసగా వచ్చి మంటలో వేసి పోతున్నారు. ప్లాస్టిక్ వాసనకు గొంతు పట్టేస్తోంది.

వరస చివర ఆర్థర్ నిలబడి ఉన్నాడు. చంకలో బూడిదరంగు సముద్రం, పడవ, లాంతరు.

చలికాలంలో అతనికి కామెర్లు ముదిరితే రోసమ్మ ఆంటీ మొక్కుకుంది, కొడుకు బతికితే ఆ రికార్డులన్నీ వదిలిస్తానని. బతికాడు. అప్పటినుంచి మనిషి మారిపోయాడు, ఉపవాస ప్రార్థనలు, చర్చిలో లేచి సాక్ష్యాలు చెప్పడం. అబద్ధమనేది ఆడడు. డాడీ పాట ఎక్కడిదో ఈ సికింద్రాబాదులో నేను కాక తెలిసినవాడు అతనొక్కడే. వేదిక మీద మైకు ఉంది. ముందు వరసలో జకర్యాగారు ఉన్నాడు.

దొరసానమ్మ పంపిన పాటని మైకులో చెప్పి డాడీ పుల్ల ఎత్తాడు.

మొదలుపెట్టాం. రెండో లైనుకు ఆర్థర్ తల ఇటు తిరిగింది. మూడో లైనుకు నా మొహం వెతికి పట్టుకున్నాడు. నేను కళ్లతోనే బతిమాలాను. వరస కదులుతోంది, అతను కదలడం లేదు. అట్ట మీద అతని వేళ్లు ఏడు కొడుతున్నాయి. చరణం చివర మేము ఆగినచోట అతని వేలు ముందుకు పోయి, ఒంటరిగా నిలబడి, మా కోసం చూసింది. నాకు అక్కడే ఏడుపొచ్చింది. అతని పెదవులు కూడా కదులుతున్నాయి. అతని ముందున్న పిల్లవాడు మంటలో వేసి వెళ్లిపోయాడు. ఆర్థర్ మంట దాకా వచ్చాడు, నిలబడ్డాడు, ఎల్పీని చొక్కాకు అదుముకుని వెనక్కి తిరిగి గేటు వైపు నడిచాడు.

"చూడండి, పాట ఆ తమ్ముణ్ణి కదిలించింది," అన్నాడు ప్రసంగీకుడు మైకులో. ఆయన అన్నది నిజమే. జకర్యాగారు కూడా చప్పట్లు కొట్టాడు.

నేను ఊపిరి తీసుకున్నది ఒక్క రాత్రే. ఆదివారం ఆరాధన అయ్యాక, అన్నాల వేళకు ఆర్థర్ మా గుమ్మంలో ఉన్నాడు. చేతిలో సంచి.

"సార్, మీతోని ఒక మాట చెప్పకుంటే నాకు నిద్ర పడతలేదు," అన్నాడు. నా వైపు చూడలేదు. "నిన్న మీరు పాడించింది దొరసానమ్మ పంపిన పాట కాదు సార్. ఇది." 

ఎల్పీ తీసి బల్ల మీద పెట్టాడు. దాచింది నేనని నేనే చెప్పాను, ఫ్యూజు సంగతి, కత్తెర సంగతి అన్నీ. చెప్పడం మొదలుపెట్టాక నాకు ఆగడం తెలియదు కదా. మమ్మీ కూర గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. డాడీ మెడ మీద నరాలు ఉబ్బాయి. అట్ట తిప్పి చూశాడు. జుట్టు పెంచుకున్న అయిదుగురు మొగవాళ్ల ఫొటో.

"పెట్టు," అన్నాడు చివరికి.

దొరసానమ్మ పోతూ ఇచ్చిన పాత ప్లేయరు ఒకటి మా ఇంట్లో ఉంది, ఆర్థర్ దాని మీద రికార్డు పెట్టాడు. ఆర్గాన్. నలుగురు. డాడీ తల వంచుకుని విన్నాడు. చివరి మెట్టు వచ్చింది. వసారాలో ఫ్యూజు నాకు కనబడుతూనే ఉంది. నేను కదల్లేదు.

డ్రమ్ములు పడ్డాయి. మమ్మీ "ప్రభువా" అంది. డాడీ చెయ్యి రికార్డు వైపు లేచింది. ముల్లు పీకేస్తాడనుకున్నాను. చెయ్యి గాలిలోనే ఆగింది. తరువాత మెల్లగా కదిలింది, క్వయర్ ముందు కదిలినట్టే. ఒకటి, రెండు, మూడు. ఏడు దగ్గర ఆగబోయి తడబడింది. మళ్లీ మొదటినుంచి. మళ్లీ తడబడింది. మూడోసారి బల్ల కింద చూశాడు. నా కాలు ఊగుతోంది.

దాన్ని చూస్తూ కొట్టాడు. ఈసారి తప్పలేదు.

ఆ పక్క అయ్యేదాకా ఎవరమూ అన్నం ముట్టలేదు. అయ్యాక లేచి క్వయర్ సంచిలోంచి సోల్ఫా కాగితం తెచ్చుకున్నాడు. జేబులోంచి రబ్బరు తీసి మొదటి చరణం చివర గీత చెరిపాడు. రెండోది చెరిపాడు. కాగితం నలగకుండా ఎడమ చేత్తో పట్టుకుని ఒక్కొక్కటే చెరిపాడు. కమిటీకి ఏం చెప్తాడో, క్వయర్‌కు ఏం చెప్తాడో ఆ క్షణం ఆయనకు పట్టినట్టే లేదు.

"నువ్వు కరెక్టే పోయినవే," అన్నాడు కాగితం మీదినుంచి తల ఎత్తకుండా. "నేనే ఊకె ఆగమన్న."

ఇరవై మూడేళ్లలో ఆయన నాతో ఆ మాట అనడం అదే మొదలు. రబ్బరు పొట్టు ఊది, కళ్లద్దాలు సర్దుకుని ఆర్థర్ వైపు తిరిగాడు.

"ఇంకో పక్క ఉన్నదా దీనికి?"

"ఉన్నది సార్."

"తిప్పు."