పక్కకు జరిగిన గుట్ట

'అత్యద్భుతంగా' అనాలా, 'దిగ్భ్రాంతికరంగా' అనాలా? విజేందర్ రాస్తున్న కథలో తెల్లారేసరికి భువనగిరి గుట్ట పక్కకు జరగాలి. భార్య మల్లిక దాన్ని ఒక్కసారైనా నమ్మితే చాలు. మూడుసార్లు చదివి వినిపించాడు, మూడుసార్లూ ఆమె నవ్వింది. అసలు తనకే నమ్మకం లేక ఇన్ని పెద్ద మాటలు పోగేస్తున్నాడేమో.

"గంత డప్పు కొట్టుడెందుకు?" అంది మల్లిక బెండకాయలు కోస్తూ. "గుట్ట జరిగితే నీడ గూడ జరుగుతది గదా. గుట్ట కింద నీడకు నిలవడే ఆటోలోళ్లు ఎండల నిలవడ్డరా మరి?"

విజేందర్ కాసేపు ఆలోచించి, కొత్తగా రాసి చదివాడు: "గుట్ట పక్కకు జరిగింది. ఆటోలవాళ్లు నీడ వెతుక్కుంటూ బండ్లు తిప్పుకున్నారు."

మల్లిక చేతిలో కత్తి ఆగింది. "ఎటు దిక్కు తిప్పుకున్నరు?"

ఆమె నవ్వలేదు. విజేందర్ కాగితం పైనున్న రెండు పెద్ద మాటలనూ కొట్టేశాడు.