కోడి దిగిన ట్యాంకు

అబ్రహాం తాగి ట్యాంకులో దిగాడని లస్మవ్వ అన్నదట. నల్లా కాడ బిందె నిండేలోపే నలుగురికి చెప్పిందట. "ముందుగాల కోడిని దించిండ్రట గదా. గదేమో సక్కగ బయటికొచ్చె. కోడి బతికి మనిషి సచ్చిండంటే తాగకుంటనే దిగిండా?" అన్నదట.

ఈ మాట మోసుకొచ్చింది పక్కింటి నర్మద. "నేనైతే నమ్మలే అక్కా" అని తనవంతు ఉప్పు కూడా చల్లింది.

మగ్దలేనమ్మ మొగుణ్ణి మట్టిలో పెట్టి పదిహేను రోజులే. అబ్రహాం చుక్క ముట్టక పద్నాలుగేళ్లు. ఆదివారం చర్చిలో కానుకల సంచి పట్టే మనిషి.

"లస్మవ్వకు ఎవలు చెప్పిండ్రు?" అని అడిగింది.

"కంట్రాక్టరు రాంచందరేనట. ఇయ్యాల డిపోల రెండో ట్యాంకు అడుగు బురద తీసి కడుగుతుండ్రు గదా. మీ ఫిలిప్ గూడ పాయె, నీకు చెప్పలేదా?"

మరిది చెప్పలేదు. మగ్దలేనమ్మ పొయ్యి మీది బియ్యం దించేసి, మెట్‌పల్లి రోడ్డు మీది పెట్రోలు డిపోకు నడిచింది. నడిచిందనేది పేరుకే.

అబ్రహాందీ ఫిలిప్‌దీ బావుల్లో పూడిక తీసే పని. పైన తాడు పట్టేది ఆమే. పాత బావిలో దిగేముందు దీపం దించుతారు. ఆరిపోతే ఎవరూ దిగరు. ఆరకపోయినా అబ్రహాం దిగేవాడు కాదు. పొడుగు వెదురుతో అడుగు బురద కెలికి, లోపల దాగిన చెడుగాలి బుడగలై పైకొచ్చాక మళ్లీ దీపం దించేవాడు. మొదటిసారి నిక్షేపంలా వెలిగిన దీపం రెండోసారి టప్పున ఆరిపోవడం ఆమె ఎన్నిసార్లు చూడలేదు!

పెట్రోలు డిపోలో దీపం పెట్టరాదు. గాలి చూసే మిషను ఉంది కానీ అది మూణ్ణెల్లుగా చెడిపోయి రాంచందర్ బీరువాలో పడి ఉంది. బాగు చేయించే ఓపిక లేక అంగట్లో కోడిని కొన్నాడు మహానుభావుడు.

గేటు కాడ వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెట్టాడు. "అవ్వా, సెల్లు, అగ్గిపెట్టె ఉంటే ఈడ పెట్టాలె."

"అగ్గి కడుపుల ఉన్నది. తీసి పెట్టుమంటవా?"

వాడు పక్కకు జరిగాడు.

భూమిలో పాతిన ట్యాంకు మూత తెరిచి ఉంది. ఫిలిప్ నడుముకు తాడు కట్టుకుంటున్నాడు. పక్కన బుట్టలో కాళ్లు కట్టేసిన కోడి.

"తాడిప్పు" అంది మగ్దలేనమ్మ.

"వదినె, ఇది కడిగితే అన్న తాగలేదని రిపోర్టుల రాపిస్తనన్నడు సారు."

"మీ అన్న తాగలేదని నువ్వు సచ్చి సాక్ష్యం చెప్తవారా?"

ఫిలిప్ చేతులు ముడి మీదే ఆగిపోయాయి. రాంచందర్ కుర్చీలోంచి లేచి వచ్చాడు.

"పరేషాన్ గాకు చెల్లె. నేను సూడకుంట దించుతనా? మొన్న గూడ కోడిని పది నిమిషాలు లోపల ఉంచినం. ఇయ్యాల గూడ ఉంచినం. సూడు, గింజలు మేస్తుంది. గాలి మంచిగనే ఉన్నది. మీ ఆయన తాగి దిగితే నేనేం జెయ్యాలె? అదే గాలి పీల్చిన కోడికి ఏం గాలే గదా?"

మగ్దలేనమ్మ కోడి వంక చూసింది. తర్వాత అతని వంక చూసింది.

"కోడి బుట్టల కూసున్నది సారూ. బురద కెలికింది నా మొగుడు."