పదిహేను నక్షత్రాలు

దర్జీ పని చేసే పెద్దకోడలికి తన కళ్ళంటే మహా గర్వం. మునిమాపువేళ కూడా దీపం వెయ్యకుండా సూదిలో దారం ఎక్కించేస్తుంది. అలాంటిది, పక్క వీధిలో ఉండే తోటికోడలికి తనకంటే ఎక్కువ నక్షత్రాలు కనిపించాయంటే ఒళ్ళు మండదా మరి?

నక్షత్రాల లెక్క లైబ్రరీ మేడమ్ పెట్టిన పని. వీధిదీపాల వెలుగు ఆకాశాన్ని ఎంత మింగేస్తోందో తేల్చడానికి వీధికొకరు ముందుకొచ్చారు; ఈ వీధికి పెద్దకోడలు, పక్క వీధికి తోటికోడలు. నెలకోసారి, పొద్దుగూకిన గంటకు డాబా ఎక్కాలి. కాసేపు కళ్ళను చీకటికి అలవాటు చేసుకుని, అట్ట గొట్టంలోంచి కనిపించినన్ని లెక్కపెట్టి కాగితం మీద రాయాలి. నక్షత్రాలు తక్కువ కనిపించిన వీధిలో, వెలుగు కిందికే పడేలా దీపాలకు టోపీలు పెడతారు.

ఆ టోపీ పెద్దకోడలి ఇంటికి అత్యవసరం. భర్త బేకరీలో పనిచేస్తాడు. ఎనిమిదింటికి పడుకుంటేగాని రెండింటికి లేవలేడు. ఎదుటి స్తంభం దీపం తిన్నగా మంచం మీద పడుతుంది. కంటిమీద కునుకు లేక, మొన్న పొయ్యి దగ్గర తూలి చెయ్యి కాల్చుకున్నాడు. మొదటి నెల ఆమె లెక్క ఆరు దాటలేదు కాబట్టి, టోపీ వస్తుందని సంతోషించాల్సిందే.

రెండోసారి లెక్కపెట్టాల్సిన సాయంత్రం, భోజనాల దగ్గర ఆయన నోరు ఊరుకోలేదు. "మా మరదలికి పన్నెండు కనబడ్డాయట. కళ్ళంటే ఆ పిల్లవి."

"వాళ్ళ వీధిలో సగం దీపాలు మాడిపోయాయిలెండి," అంది.

"అయినా పన్నెండంటే మాటలా?"

పెళ్ళై ఇరవై ఏళ్ళు. తన కళ్ళ గురించి ఆ నోట ఒక్క మంచి మాట రాలేదు. చెయ్యి కడుక్కుని విసవిసా డాబా ఎక్కింది. గొట్టంలోంచి చూస్తే ఆరు. మళ్ళీ చూసినా ఆరే. ఎక్కువ రాస్తే టోపీ రాదని ఆమెకు తెలుసు. తెలిసే, పెన్ను గట్టిగా నొక్కి పదిహేను అని రాసింది. తర్వాతి రెండు నెలలూ అంతే.

ఆ మరుసటి నెల లైబ్రరీ మేడమ్ ఇంటికి వచ్చేసరికి తోటికోడలు కూడా అక్కడే ఉంది.

"మీ వీధికి టోపీలు అక్కర్లేదని ఆఫీసులో తేల్చేశారండీ," అంది మేడమ్. "పదిహేనంటే అన్ని వీధుల్లోకీ మీదే ఎక్కువ."

"పదిహేనా అక్కా? నాకు పన్నెండు దాటితే ఒట్టు," అంది తోటికోడలు.

భర్త పొంగిపోయాడు. "చూశావా అమ్మాయ్, కళ్ళంటే మా ఆవిడవి."

ఇన్నేళ్ళకు వచ్చిన ఆ మాట వింటూ ఆమె కిటికీలోంచి ఎదుటి స్తంభం దీపం వైపు చూసింది. అందరూ వెళ్ళాక ఆయన కళ్ళకు తువ్వాలు బిగించి కట్టుకుని, ఆ దీపం వెలుగులోనే నడుం వాల్చాడు.