సూదికి పత్తెం

చింతపండు దులిపే రోజులు అయిపోయేసరికి కొండలమ్మ ఎడం భుజం మొరాయించింది. గడ పట్టుకుని, తలెత్తి కొమ్మలు కొట్టడం ఆమెకు కొత్తేం కాదు, ఊహ తెలిసినప్పటి నుంచీ ఉన్న పనే. కానీ ఒళ్లు ఎప్పుడు ఎదురు తిరుగుతుందో ఎవరికి తెలుసు? చెయ్యి పైకి లేచేది, ముందుకొచ్చేది, పొయ్యి మీది కుండ దించేది. వెనక్కి మాత్రం ససేమిరా పోయేది కాదు. జాకెట్టు సర్దుకోబోతే చాలు, భుజం నుంచి మోచేతి దాకా సలుపు పరుగెత్తేది.

వెనక్కి పోకపోతే ఏం కొంప మునిగిందీ అంటారేమో. అలా అనేవాళ్లు ధింసా ఆట చూసి ఉండరు. ఆ ఆటలో ఆడవాళ్లంతా ఒక వరసగా అల్లుకుంటారు. పక్కమనిషి నడుం వెనక నుంచి చెయ్యి పోనిచ్చి, ఆ అవతలి మనిషి చెయ్యి పట్టుకోవాలి. ఒక్క పట్టు జారిందా, వరసంతా చెదిరిపోతుంది. ఆ వరసకి మొదట నిలబడి, కుడిచేత్తో నెమలీకల కట్ట ఊపుతూ, వెనకున్న అందర్నీ పాములా తిప్పాల్సింది ముందుమనిషి. గొలుగొండ దాటి కొండెక్కితే వచ్చే ఆ చిన్న ఊళ్లో, కాపురానికొచ్చిన మరుసటేటి నుంచీ ముందుమనిషి కొండలమ్మే. ఆమె మాట వినని మొనగాళ్లు కూడా ఆమె అడుగు చూడ్డానికి పనులు మానుకుని వచ్చేవాళ్లు.

ఈసారి ఆట నర్సీపట్నంలో. కాలేజీ మైదానంలో కొండ ఊళ్లన్నిటికీ కలిపి సంబరాలు పెట్టారు. ఊరి పెద్ద గణేశ్వరరావు వచ్చి, మొహమాటం లేకుండా చెప్పేశాడు.

“అందరి ముందూ వరస తెగితే ఊరి పరువు పోద్దే కొండలమ్మా. ఆ రోజుకి నీ సెయ్యి ఎనక్కొస్తే సరే. రాకపోతే నెమలీకలు సిట్టితల్లికి ఇచ్చీ.”

చిట్టితల్లి కొండలమ్మకి తోడికోడలు. బాగా ఆడుతుంది, మనసూ మంచిదే. నోరే, దానికి గడియ లేదు. “అక్కా, నువ్వు ముసిలోళ్ల పక్కన కూకుని సప్పట్లు కొట్టు. నాను ఊపుతాన్లే” అంది పకపకా నవ్వుతూ. వేళాకోళమే. కానీ చప్పట్లు కొట్టే వాళ్లలో కూర్చోవడమంటే కొండలమ్మకి తల తీసేసినట్టే. 

ఆమె మొగుడు మత్స్యలింగం ఆమెని నర్సీపట్నం తీసుకొచ్చాడు. బస్టాండుకి దగ్గరలో, మందుల షాపు మీద గౌతమి అనే అమ్మాయి కొత్తగా ఫిజియోథెరపీ పెట్టింది. ఆ పిల్ల కొండలమ్మని బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, చేతిని అటూ ఇటూ తిప్పి చూసి, భుజం రెక్క మీద బొటనవేలితో ఒకచోట నొక్కింది. కొండలమ్మ చటుక్కున లేచి కూర్చుంది.

“ఓలమ్మో! సంపేస్తావేటి?”

“దొరికింది పిన్నీ” అంది గౌతమి. “మీ కీలు బాగానే ఉంది. ఇక్కడ కండ ముడిపడి బిగుసుకుపోయింది. అదే చేతిని వెనక్కి రానివ్వట్లేదు. సూదితో ఆ ముడిని వదిలిద్దాం.”

సూది అనగానే కొండలమ్మకి ప్రాణం కుదుటపడింది. సూది పడితేనే వైద్యం, బిళ్లలదేముంది? తీరా చూస్తే ఆ పిల్ల చేతిలో వెంట్రుకంత సన్నటి సూది ఉంది. సిరంజీ లేదు, సీసా లేదు.

“మందేదమ్మా?”

“మందుండదు పిన్నీ. ఉత్త సూదే.”

“ఉత్త సూదేటి? ఉత్త సూది కోసం కొండ దిగి రావాలేటి? గోనెలు కుట్టే దబ్బనం మా ఇంటికాడా ఉంది!”

గౌతమి నవ్వేసింది గానీ పని ఆపలేదు. సూది దిగింది. చీమ కుట్టినంత కూడా లేదు. లోపల ముడిని తాకగానే మాత్రం ఆ కండ గాలానికి పడ్డ చేపలా తుళ్లింది. కొండలమ్మ మెడ తిప్పి భుజం వంక చూసుకుంది. తన ఒంట్లో అలాంటిదొకటి దాక్కుందని ఆమెకి తెలియదు మరి. అయ్యాక చెయ్యి వెనక్కి పెట్టమంటే, నడుం దాకా వెళ్లింది.

“ఇవాళ, రేపు సలుపుతుంది, భయపడకండి” అంది గౌతమి. “తువ్వాలు వీపు వెనక రెండు చేతులతో పట్టుకుని, రోజూ మెల్లగా లాగాలి. చెయ్యిని ఊరికే ఉంచకూడదు.”

ఇద్దరూ బుద్ధిగా తలూపారు. ఊపిన తలలు ఇంటికెళ్లాక ఏం చేశాయో వినండి. మర్నాడు భుజం సలిపింది. మత్స్యలింగం కంగారుపడ్డాడు. వాళ్ల ఇంట సూది పడితే పత్తెం ఉండాల్సిందే. వంకాయ కూడదు, గోంగూర కూడదు, తలకి నీళ్లు కూడదు, సూది పడ్డ చోటు కదలనే కూడదు. వాళ్లమ్మా అంతే, వాళ్ల తాతా అంతే.

“ఆ డాక్టరమ్మ కుర్రదే. ఆమెకేటి తెలుస్తాది పత్తెం సంగతి?” అని, కండువాతో పెళ్లాం చేతిని పొట్టకి అదిమి కట్టేశాడు. కొండలమ్మా కాదనలేదు. ఉత్త చారన్నం తింటూ వారమంతా నోములా పాటించింది. మళ్లీ నర్సీపట్నం వచ్చి కట్టు విప్పేసరికి ఏముంది, చెయ్యి వెనక్కి కాదు కదా, పక్కకే రాలేదు.

గౌతమి మొహం ఎర్రబడింది. “కట్టేశారా? వారమంతా కట్టేశారా?”

“పత్తెం సేసామమ్మా, వంకాయ కూడా ముట్టలేదు, ఏ లోటూ రానీలేదు” అన్నాడు మత్స్యలింగం గర్వంగా.

 వీళ్లని తిట్టి లాభం లేదు. పత్తెమన్నాక వారం రోజులు వంకాయ ముట్టని మనుషులు! ఇంత నిష్ఠ ఉన్న రోగులు ఎవరికి దొరుకుతారు? గౌతమికి చటుక్కున ఒక ఆలోచన తట్టింది. కుర్చీ లాక్కుని, మత్స్యలింగం ఎదురుగా కూర్చుంది.

“బాబాయ్, తప్పు నాదే. పత్తెం చెప్పడం మర్చిపోయాను. మందున్న సూదికి మీరు చేసే పత్తెం. ఈ ఉత్త సూదికి పత్తెం వేరే. తువ్వాలు లాగందే పొద్దున గంజి తాగకూడదు. మెల్లగా ధింసా అడుగులు వెయ్యందే రాత్రి అన్నం ముట్టకూడదు. గట్టి నొప్పొస్తే ఆపాలి, మళ్లీ మొదలెట్టాలి. తప్పితే సూది పని చెయ్యదు. చేయించే పూచీ మీది.”

“అలగ సెప్పండి మరి!” అన్నాడు మత్స్యలింగం. “ముందే సెప్పుంటే ఈపాటికి ఇది ఆడీసును గదా!”

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో పోలీసు రాజ్యమే. గంజి గిన్నె దగ్గర మొగుడు కాపలా.

“తువ్వాలు లాగేవా?”

“లాగేను మావా.”

“నాను సూడలేదు. మళ్లీ లాగు.”

కొండలమ్మ తిట్టింది, మొత్తుకుంది, లాగింది. సలుపు తగ్గాక మళ్లీ సూదికి వెళ్లింది, మళ్లీ లాగింది. పక్కకే రాని చెయ్యి మళ్లీ నడుం దాకా వెళ్లింది, అక్కణ్ణుంచి వెన్నుపూసల మీద ఒక్కొక్కటే పైకెక్కింది. ఒకనాడు వీపు మీద దురదపెడితే తనే గోక్కుంది. గోక్కున్నాక ఆ సంగతి తెలిసి, వాకిట్లో నిలబడి పెద్దగా నవ్వింది. ఎంత సంతోషమో ఆమెకి!

సంబరాల రోజు మైదానం జనంతో ఇసకేస్తే రాలనట్టుంది. గౌతమి కూడా వచ్చి చూసేవాళ్లలో అందరికంటే ముందు నిలబడింది. గణేశ్వరరావు నెమలీకల కట్ట ఎవరికివ్వాలో తేలక చంకలో పెట్టుకుని తిరుగుతున్నాడు. కొండలమ్మ ఆ కట్టని లాక్కుంది. ఎడంచెయ్యి చిట్టితల్లి నడుం వెనక నుంచి పోనిచ్చి, అవతలి ఆడమనిషి చెయ్యి గట్టిగా పట్టుకుంది. గణేశ్వరరావు వాయించేవాళ్లకి సైగ చేశాడు.

తుడుం డప్పు మోగింది, కిరిడీ వాద్యం అందుకుంది. మెల్లగా మొదలైన వరస చుట్టుకుంది, విప్పుకుంది, జోరందుకుంది. కొండలమ్మ కాళ్లు నేల మీద నిలవడం లేదు. మైదానంలో నీళ్లు చల్లిన చోట మలుపు తిప్పుతుండగా చిట్టితల్లి కాలు జారింది. మనిషి బరువంతా వెనక్కి, కొండలమ్మ ఎడంచేతి మీద పడింది. చూస్తున్న గౌతమి ఒక అడుగు ముందుకేసింది.

కొండలమ్మ పట్టు వదల్లేదు. భుజం నుంచి వేళ్ల దాకా చెయ్యి బిగించి, తోడికోడల్ని అలాగే పైకెత్తి, తాళం తప్పకుండా నిలబెట్టింది. వరస తెగలేదు. జనం ఈలలేశారు. చిట్టితల్లికి ఊపిరి అందడం లేదు, అడుగులు తడబడుతున్నాయి.

“అక్కా, నానింక ఆడలేను, మెల్లగా తిప్పవే!” అంది రొప్పుతూ.

కొండలమ్మ నెమలీకల కట్టని తల కంటే పైకెత్తి, వాయించేవాళ్ల వైపు తిరిగి కేక పెట్టింది.

“బేగి కొట్టండ్రా! ఇంకా బేగి!”