తారస్థాయి మెట్లు

భాద్రపదము ముగియవచ్చినది. నాలుగు దినములు ఎడతెగక కురిసిన వానకు నాని నల్లబడిన పాలకొల్లు పెంకుటిండ్లపై అపరాహ్ణభానుని లేతయెండ పరచుకొనగా, గట్లొరసి పాఱుచున్న నరసాపురపు కాలువ యెఱ్ఱనీటిమీద నిమజ్జితులైన గణనాథుల చామంతిదండలును రంగుకాగితపు తోరణములును కొట్టుకొని పోవుచుండెను. పందిరి పందిరినుండియు చెవులు చిల్లులు పడునట్లు మ్రోగిన యొక చలనచిత్రగీతము మాత్రము ఏ కాలువలోను మునుగక, పెండ్లియూరేగింపులందును ఆటోలయందును చంటిబిడ్డల ఆటబొమ్మలయందును దూరి మూడేండ్లుగా ఆ పట్టణమును విడువని వ్యాధివలె పీడించుచుండెను.

ఆ పట్టణపు బజారువీథిలో నాదవినోదినీ వాద్యశాల యను నంగడి గలదు. దాని లోపలిగదిలో ముప్పదియేడేండ్లుగా హార్మోనియములను బాగుచేయుచు, రీడను ఇత్తడిరేకు మీటినంతనే శ్రుతిలో వెండ్రుకవాసి లోపమునైన పసిగట్టు కర్ణపాటవముచేత గోదావరీతీరపు నాటకసమాజములవారికెల్ల పెద్దదిక్కై వెలుగొందువాడు లక్కోజు కామాచారి. ఆతనికి సంసారమున మిగిలినది ఆ చెవి యొక్కటే యనిన అతిశయోక్తి గాదు. భార్య గతించినది, సంతానము లేదు, చేతికి వణకు వచ్చినది. ఆ చెవి కొఱకే లోకులాతని గడప ద్రొక్కుచుండిరి.

ఇంజనీరింగు చదువుచున్న చక్రధరుడును వాని పినతండ్రికూతురు హైమవతియు కళాశాల విడిచినంతనే కొనువారివలె ముఖములు పెట్టుకొని ఆ యంగడి చొచ్చి చేతికందిన వాద్యముపై ఆ పాడుపడిన గీతమునే వాయించుచుందురు. అది వారికి నిత్యవినోదము. రీడులు గీఱు ఆకురాయి చేతబట్టి కామాచారి వెలుపలికి వచ్చి తిట్లదండకము చదువుట ఆ వినోదమునకు ఫలశ్రుతి.

"ఒరే చక్రధరం! ఆ పాట చచ్చి మూడేళ్లయింది, దినం భోజనాలు కూడా అయిపోయాయి. ఇంకా పీక్కుతింటారేంట్రా దాన్ని?"

"ఏమోనండి మాస్టారూ, కొనఊపిరేమన్నా ఉందేమోనని నాడి చూస్తున్నామండి!"

"నాడి నీకు చూస్తాను, ఇలా రా! అమ్మాయ్, నువ్వైనా చెప్పవేంటే వీడికి?"

"చెప్పానండి. రెండో చరణం కూడా వాయించమన్నానండి," అని హైమవతి నవ్వును. ఇర్వురును పరుగిడుదురు. ఇంత తిట్టియు వారు రాని దినమున కామాచారి గడియారము వంక పలుమారులు చూచుననుట అంగడివారందఱు ఎఱిగిన సంగతియే.

ఒక బుధవారము ఉదయమున నాటకములకు హార్మోనియము వాయించు మేడిశెట్టి కూర్మయ్య తన పెట్టెను రిక్షాలో తెచ్చి దింపెను. బాల్యస్నేహితులగుటచే వారొకరినొకరు బావా యని పిలుచుకొందురు.

"తిత్తి కారుతోంది బావా. అతుకేసి ఇచ్చెయ్యి. రీడ్ల జోలికి మాత్రం వెళ్లకు, శుభ్రంగా పలుకుతున్నాయి. శుక్రవారం ఆచంటలో నాటకం."

"నాకు చెప్తున్నావా? నీ పెట్టెకి బారసాల చేసిందే నేను. రేపు సాయంత్రం రా."

ఆ సాయంకాలమే చక్రధరుడు యథాప్రకారము వచ్చి ఆ పెట్టెమీదనే ఆ గీతమును వాయించెను. కామాచారియు యథాప్రకారము తిట్టెను.

మఱునాడు మధ్యాహ్నము తిత్తికి తోలతుకు వేసి ముగించి, పని సరిచూచుకొన నెంచి మంద్రమునుండి ఒక్కొక్క మెట్టే నొక్కుచు పైకేగిన కామాచారికి తారస్థాయిలో కడపటి మూడు మెట్లు పలుకలేదు. మరల నొక్కెను. గాలి చప్పుడే తప్ప నాదము లేదు. ఆ గీతము శిఖరమెక్కు తావు సరిగా ఆ మూడు మెట్లే యని స్మరణకు వచ్చి ఆతనికి అరికాలి మంట నెత్తికెక్కెను. "కొట్టి కొట్టి చంపేశారు కుర్రకుంకలు!" అని పండ్లు కొఱికెను. బ్రహ్మదేవుని చేతిపనినైన శంకించునేమోగాని తన చెవిని శంకించుట యన్న తలంపు ఆతని వంశమునందే లేదు. కావున పనిముట్ల పెట్టె తెఱచి, నిర్దోషులైన ఆ మూడు ఇత్తడిరీడులను ఊడదీసి ఆకురాయితో గీఱెను; ఊది చూచెను; మరల గీఱెను. తేనెటీగరెక్కవలె పలుచనగువఱకు గీఱి గీఱి కట్టకడపట స్వరము పలికినట్లు తోపగా నిట్టూర్చి వానిని స్వస్థానముల నిలిపెను. పలికినది రీడు గాదు, ముప్పదియేడేండ్లుగా విన్న నాదముయొక్క జ్ఞాపకము.

నాలుగు గంటలకు అన్నాచెల్లెండ్లు వచ్చిరి. చక్రధరుడు పెట్టె ముందు కూర్చుండి గీత మెత్తుకొనెను. స్వరములు మెట్టు మెట్టుగా ఎక్కి ఎక్కి శిఖరము చేరినంతనే, కత్తిపీటకు చిక్కిన పిల్లివలె పెట్టె కీచుమనెను. వీథిలో పోవువా డొకడు తిరిగి చూచెను. చక్రధరుని వ్రేళ్లు నిలిచిపోయెను.

"మళ్లీ మొదలెట్టారా?" అనుచు కామాచారి వెలువడెను. ఎవ్వరును నవ్వలేదు. ఎవ్వరును పరుగిడలేదు.

"మాస్టారూ, పై మెట్లు కీచుమంటున్నాయండి," అని చక్రధరుడు మెల్లగా పలికెను.

"కీచుమనేది నీ మొహం! ఇప్పుడే కదరా సరిచేశాను."

హైమవతి కడపటి మెట్టుపై వ్రేలుంచి, రెండవచేత తిత్తి నూపుచు, "ఇప్పుడు వినపడుతోందాండీ?" అని అడిగెను.

కామాచారి ఆమె వ్రేలిని చూచెను. మెట్టు దిగియున్నది. తిత్తి ఆడుచున్నది. చక్రధరుడు చెవులు మూసికొని యున్నాడు. ఆ మూసికొన్న చెవులను చూచినప్పుడు ఆతనికి సర్వమును బోధపడెను. చేతిలోని ఆకురాయి ఎక్కడ పెట్టవలయునో తెలియని వానివలె దానిని ఒక చేతినుండి మఱియొక చేతికి మార్చుకొనుచు నిలిచిపోయెను.

అదే సమయమున కూర్మయ్య వచ్చెను. వచ్చి, నిలుచుండియే ఒక్క పలుకు పలికించి వ్రేళ్లు వెనుకకు దీసెను.

"ఎవరు గీరారు బావా?"

చక్రధరుడు ముందునకు వచ్చి, "మేమేనండి. ఆ పాట బాదేసి పాడుచేశామండి. మాస్టారి తప్పేం లేదండి," అనెను.

కూర్మయ్య పైపలక యెత్తి చూచెను. మూడు రీడులమీదను క్రొత్తగీతలు బంగారమువలె మెఱయుచుండెను. ఎంత బాదినను ఏ పాటయు లోహమును గీఱదని ఆతడెఱుగును. స్నేహితుని ముఖము చూడనొల్లక పలక మూసి, "సర్లే బాబూ, పైస్థాయి తగలకుండా లాగించేస్తాను," అని పెట్టెను తానే యెత్తుకొని పోయెను. ఆతడు రాతినైన పగులగొట్టు తిట్టొకటి తిట్టియుండిన కామాచారి బ్రతికిపోయెడువాడే.

కార్తికము వచ్చునప్పటికి ఆ పెట్టె కబురు నాటకసమాజములకు ప్రాకి రీడులపని భీమవరమునకు తరలిపోయెను. కామాచారికి తిత్తుల అతుకులు మిగిలినవి. అన్నాచెల్లెండ్లు నేటికిని వత్తురు. ఆ గీతమును మాత్రము వాయింపరు. వృద్ధునకు వినబడు క్రిందిమెట్లమీదనే భక్తిశ్రద్ధలతో ఏదియో కీర్తన వాయించి "బాగుందాండీ?" అని వినయమున నడుగుదురు. "బాగుందమ్మా" అని ఆతడు తల యూపును. కొంటెతనము చేయదగిన మనుజుడు ఇంకను పోరాడదగినవాడు. మర్యాద మాత్రమే చూపదగినవాడైన నాడు లోకము వానిని బ్రతికియుండగనే సాగనంపినట్లు. వారు వెడలిన పిమ్మట కామాచారి అంగడి తలుపు మూయును. ఆ తలుపు కిఱ్ఱుమనునని ఇరుగుపొరుగువారు చెప్పుదురు.