ఏడవని సీను

టీవీ సీరియళ్ళ కోసం కొత్త బట్టల్ని పాతవిగా చేయడం నా పని. కొత్త యూనిఫాం తెచ్చి గరుకు కాగితంతో రుద్ది, టీ డికాక్షన్‌లో ముంచి ఆరేసి, యుద్ధం నుంచి వచ్చినట్టు చేస్తాను. ఏడో తరగతిలో బడి మానేసినవాడికి ఇంతకన్నా ఏమిస్తారు? పదిహేనేళ్ళుగా నా పేరు "ఏయ్ కాస్ట్యూమ్".

మా తమ్ముడు నిజం యుద్ధం నుంచే వచ్చాడు. వచ్చి రెండేళ్ళయింది. వెనక గదిలో మంచం, కిటికీ, వాడు. అన్నం తింటాడు, స్నానం చేస్తాడు, అడిగితే "ఊఁ" అంటాడు. గడప దాటడు. సర్కారు ఒక పతకమిచ్చి చేతులు దులుపుకుంది. డాక్టరేమో "మాట్లాడించండి" అన్నాడు. గోడను మాట్లాడించడం అంతకన్నా తేలిక.

ఆ ఆదివారం పని మిగిలిపోయి యూనిఫాంలు ఇంటికి తెచ్చుకున్నాను. వరండాలో కూర్చుని మోకాళ్ళ దగ్గర రుద్దుతున్నాను.

"అక్కడ కాదన్నయ్యా."

తమ్ముడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "భుజాల మీద అరగాలి. సంచీ పట్టీలు ఒరుసుకునేది అక్కడ."

వంటింట్లో మా ఆవిడ గరిటె చప్పుడు ఆగిపోయింది. నేను తలెత్తలేదు. ఎత్తితే వాడు లోపలికి పోతాడని భయం.

"నాకేం తెలుసురా, నేనేమైనా వెళ్ళొచ్చానా? రేపు నువ్వే వచ్చి చూసి చెప్పు," అన్నాను విసుక్కుంటున్నట్టు.

వాడు లోపలికి వెళ్ళిపోయాడు. పొద్దున చూస్తే చెప్పులేసుకుని కూర్చున్నాడు.

సెట్లో ఆ రోజు చావు సీను. చనిపోయిన స్నేహితుణ్ణి ఒళ్ళో పెట్టుకుని హీరో ఆకాశం కేసి చూస్తూ ఏడవాలి. మూడో టేకులో తమ్ముడికి నవ్వొచ్చింది. డైరెక్టర్ వెనక్కి తిరిగాడు.

"ఎవరయ్యా అది? కాస్ట్యూమ్, నీ మనిషేనా?"

"మా తమ్ముడండీ. యుద్ధానికి వెళ్ళి వచ్చాడు."

"ఓహో. అయితే తమరేం చేసేవారో చూపించండి బాబూ, నేర్చుకుంటాం."

ఈ వెటకారంతో వీడు మళ్ళీ గదిలోకి పోతాడు, ఇక రాడు అనుకున్నాను.

తమ్ముడు వెళ్ళి శవం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఏడవలేదు. శవం ఛాతీ మీది జేబులు విప్పి తూటాలు తీసుకున్నాడు. నడుం దగ్గరి సీసా తీసి ఒక్క గుక్క తాగి హీరోకి అందించాడు.

"ముందు నీళ్ళు తీసుకుంటాం సార్. వాడికి అక్కర్లేదు, మాకు కావాలి."

తర్వాత ఖాళీ జేబుల గుండీలు ఒక్కొక్కటే పెట్టాడు.

"గుండీలెందుకు పెట్టావు?" డైరెక్టర్ గొంతు తగ్గింది.

"తెలీదు సార్. అప్పుడూ పెట్టాను."

ఎవరూ కదల్లేదు. చివరికి శవమే కళ్ళు తెరిచింది. "పన్నెండు సీరియళ్ళలో చచ్చాను సార్. నన్నింత మర్యాదగా ఎవరూ చూసుకోలేదు."

అందరితోపాటు తమ్ముడూ నవ్వాడు. డైరెక్టర్ వాడికి కుర్చీ వేయించి, రేపట్నుంచి వచ్చి అందరికీ నేర్పమన్నాడు. పదిహేనేళ్ళలో నాకెవరూ కుర్చీ వెయ్యలేదు. కడుపు మండలేదంటే అబద్ధం. అయినా ఆ కుర్చీ దుమ్ము నేనే తుడిచాను.

తిరుగు బస్సులో వాడు కిటికీ పక్కన కూర్చున్నాడు. కాసేపటికి, "వాడు భలే గురక పెట్టేవాడన్నయ్యా," అన్నాడు. "తన్నితే లేచి, తప్పయిపోయిందని చెప్పి, మళ్ళీ మొదలెట్టేవాడు."

ఎవడని నేనడగలేదు. వాడు చెబుతూనే ఉన్నాడు. మా స్టాపు వచ్చింది, పోయింది. నేను లేవలేదు.