ఎలుగు అడిగిన ఆట

ఇప్పపూలు రాలే రోజుల్లో కనక కోడి కూయకముందే లేచి, కూతురు రమణిని వీపుకి కట్టుకుని అడవికి పోయేది. అనంతగిరి పైన వాళ్ల గూడెంలో ఆడవాళ్లందరిదీ అదే పని. ఆ పూలంటే మనుషులకే కాదు, ఎలుగులకీ ప్రాణం. అందుకని తల్లులు పిల్లల చెవిలో ఒకటే మాట ఊదేవారు. "నోరెత్తకు, ఎలుగొస్తాది."

మిగతా పిల్లలు ఆ మాట ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశారు. రమణి ఎంత బుద్ధిమంతురాలంటే, నాలుగేళ్లు నిండినా నోరెత్తలేదు. పిలిస్తే వస్తుంది, నవ్విస్తే నవ్వుతుంది, మాట మాత్రం లేదు. సూదిమందు వేయడానికొచ్చిన నర్సమ్మ చూసి, విశాఖలో మూగపిల్లల హాస్టలుందని, జూన్‌లో చేర్చమని చెప్పింది. రమణి తండ్రి సుక్రు మంచివాడే, కానీ తొందర మనిషి. ఆ వారం సంతలోనే రేకు పెట్టె కొనుక్కొచ్చాడు. మూలనున్న ఆ పెట్టె కంటబడినప్పుడల్లా కనకకి గుండె జారిపోయేది.

"నా నోరే దాని నోరు కట్టేసింది పిన్నీ," అని పక్కింటి రాజులమ్మ దగ్గర ఏడ్చింది.

ఎలుగుకి పూల దగ్గరే కోపం. పూలు అయిపోయాక దానికి పనేముంటుంది? ప్రతి వేసవిలాగే ఆ ఏడూ అది మధ్యాహ్నం గూడెంలోకి దిగొచ్చి, పనసచెట్టు నీడలో పిల్లల మధ్య చతికిలబడింది. "అలికిన అరుగు మీద బొచ్చు రాల్చకు," అని రాజులమ్మ కసిరి, ముంతతో నీళ్లు పెట్టింది.

పిల్లలు వాళ్ల వస్తువులు దాని ముందు పెట్టేవారు. చింతగింజలు, ఈకలు, విరిగిన గాజులు. ఎలుగు ఒకదాని మీద పంజా వేసి, దాన్ని పెట్టిన పిల్లల మొహంలోకి చూసేది. అదేమిటో చెప్పి, ఎక్కడ దొరికిందో కూడా చెబితే పంజా తీసేది. ఒక ఈక మీద పిల్లలు ఊరంత కథ అల్లేవారు. రమణి గడపలో కూర్చుని, సొరబుర్రకి గుడ్డ చుట్టి చేసిన బొమ్మని హత్తుకుని అన్నీ వినేది.

సాయంత్రం కనక కూతురి ముందు కూర్చునేది. "ఇదేటి? సెప్పమ్మా. గంటె. గంటె అను. ఇదేటి? సేట."

రాజులమ్మ చూసి చూసి విసుక్కుంది. "అడిగేదీ నువ్వే, సెప్పేదీ నువ్వే. ఇంక ఈ గుంటకి సెప్పడానికేటి మిగిల్సినావే?"

కనకకి ఆ మాట ములుకులా తగిలింది.

మే నెల చివర్లో ఒకరోజు, కట్టెలమోపు దించుతూ కనక పనసచెట్టు వైపు చూసి కొయ్యబారిపోయింది. రమణి గడప దిగి వెళ్లి, పిల్లల వరసలో బొమ్మని పెట్టింది. దాని మీద ఎలుగు పంజా వేసింది.

"బుర్ర..." అని కనక అందించబోయింది. రాజులమ్మ చప్పున ఆమె నోరు మూసింది. "ఈసారి నువ్వు నోరెత్తకు."

ఎలుగు చూస్తూనే ఉంది. పిల్లలు కాసేపు చూసి, విసుగుపుట్టి ఊటకి పరిగెత్తారు. నీడ అరుగు దాటింది. ఎలుగుకి మాత్రం తొందర లేదు. గూడెంలో ఆ పిల్ల కోసం అంతసేపు ఆగినవాళ్లు అంతవరకూ ఎవరూ లేరు.

రమణి పెదవులు కదిలాయి. "బుర్రమ్మ," అంది. గొంతు సవరించుకుని మళ్లీ అంది. "నాదే. అమ్మ సేసింది. బేగి ఇచ్చీ."

ఎలుగు పంజా తీసింది. కనక అక్కడే కూలబడి భోరుమంది. ఆ ఏడుపులో ఎంత హాయి ఉందో ఏడ్చిన ఆమెకే తెలుసు. సుక్రు ఇంటికొచ్చేసరికి కూతురు ఎదురెళ్లి, "అమ్మ ఏడుత్తంది. ఎలుగు ఏటీ సెయ్యలేదు," అని చెప్పింది. అతను కూతుర్ని ఎత్తుకుని, "మళ్లీ సెప్పమ్మా," అన్నాడు.

మరుసటి ఏడు ఇప్పపూల కాలానికి ఆ రేకు పెట్టె నిండా ఎండబెట్టిన పూలే. మసక వెలుతురులో పూలు ఏరుతూ రమణి ఆపకుండా ఏదో చెబుతోంది. చెట్టుకి అవతల ఆకుల అలికిడయింది. కనక అలవాటుగా "ఎలుగొస్తాది" అనబోయి ఆగింది.

"రానీ అమ్మా," అంది రమణి. "దానికే సెప్తన్నాను."